రెండొందల బస్తాల మాట

బోరబండలో ఏసురత్నం ఎవరని అడిగితే తెలియదనేవాళ్ళు ఉంటారు గానీ, సిమెంటు రత్నం ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గుమ్మం ముందు నిలబెడతారు. స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇల్లు, కిరాయిది. పొద్దున ఏడింటి రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో కోకాపేట వెళ్ళి, నలభై అంతస్తుల కట్టడం కింద ఒక రేకుల షెడ్డులో కూర్చుంటాడు. ఆ షెడ్డే స్టోరు. దానికి ఆయనే ఇన్‌ఛార్జి. స్లాబులకి రెడీమిక్స్ లారీల్లో కలిపి తెచ్చిన కాంక్రీటు తిన్నగా పైకే పోతుంది గానీ, గోడలకీ ప్లాస్టరింగుకీ కావలసిన బస్తాలు మాత్రం ఆయన కన్ను దాటి కదలవు.

మనిషి ముప్పై ఏళ్ళుగా సిమెంటులో బతికాడు. పుట్టింది పల్నాడులో, సున్నపు బట్టీల పక్కన. బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెడతాడు. లోపల చల్లగా తగిలితే మంచి సరుకు. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా జారాలి, గరుకు తగిలితే కల్తీ. గుప్పెడు తీసి బక్కెట్లో నీళ్ళ మీద వేస్తే కాసేపు తేలి అప్పుడు మునగాలి. ఇవన్నీ ఇంజనీర్లకి ల్యాబులో తేలే సంగతులే. కాకపోతే ల్యాబు రిపోర్టు రావడానికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది, ఏసురత్నానికి అర నిమిషం చాలు. "సిమెంటు దాచుకునే సరుకు కాదు. మూడు నెలలు దాటిందా, సగం బలం పోయినట్టే. ముందొచ్చిన బస్తా ముందు వాడాలి" అని షెడ్డులోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజే పాఠం చెప్తాడు. రెండో రోజు కూడా చెప్తాడు, అది వేరే సంగతి.

ఇంత తెలిసిన మనిషి కదా, ఇక ఆయన చేసిన పని వినండి.

వాళ్ళ సంఘానికి బోరబండలో రేకుల మందిరం ఒకటి ఉంది. ఎండాకాలం లోపల కూర్చుంటే పాటకి ముందు చెమటే పొంగుతుంది. నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం పాస్టరు కిరణ్ పాల్ గారు ఆరాధన అయ్యాక పక్కా మందిరం కట్టాలని చెప్పి, ఎవరి కానుక ఎంతో చెప్పమన్నారు. మన సంఘాల్లో ఇలాంటప్పుడు రూపాయల్లో చెప్పరు, బస్తాల్లో చెప్తారు. రూపాయలంటే ఎవరు గొప్ప ఎవరు బీద అన్న లెక్క వస్తుంది, బస్తా అంటే ఎవరికైనా ఒకటే బస్తా. ఆటో తోలే ఓదెలు లేచి ఐదు బస్తాలన్నాడు. రూబీ టీచరు ఇరవై అంది. అందరూ ఏసురత్నం వైపు తిరిగారు. సిమెంటు మనిషి ఆయనే కదా మరి!

ఏసురత్నం లేచాడు. తల ఎత్తి రేకుల్ని ఒకసారి చూశాడు. పొడవెంత, వెడల్పెంత, ఐదంగుళాల మందానికి ఎంత కావాలి, అంతా మనసులోనే గుణించేశాడు.

"స్లాబు మొత్తం నాది పాస్టరుగారూ. రెండొందల బస్తాలు" అన్నాడు.

మందిరం దద్దరిల్లేలా స్తోత్రాలు చెప్పారు. పక్కన ఆడవాళ్ళ వరసలో ఉన్న ఆయన భార్య మార్తమ్మ మాత్రం చెప్పలేదు. చేతిలో పాటల పుస్తకం మూసి, మొగుడి వీపు వంక అలాగే చూసింది.

బయటికొచ్చాక చెప్పుల దగ్గర కిష్టమ్మ ఆయన్ని పట్టుకుంది. కిష్టమ్మ ముసలామె, సందు మొదట్లో కూరాకు అమ్ముతుంది. కొంగు ముడి విప్పి మూడొందల ముప్పై రూపాయలు ఆయన చేతిలో పెట్టింది.

"నాది ఒక్క బస్తా రత్నం. నాకేం తెలుసు, ఏ దుకాణంల మంచిగుంటదో! నీ బస్తాలల్ల కలిపి తే. మంచిది చూసి తేవాలె, జర."

"నాది నీది ఒకే సరుకు కిష్టమ్మా" అని ఆయన మాట ఇచ్చాడు.

డబ్బు లేక అన్న మాట కాదది. అంతకు ముందు పనిచేసిన కంపెనీ వదిలేసినప్పుడు చేతికొచ్చింది కొంత ఉంది, అందులోంచి అరవై ఆరు వేలు పక్కన పెట్టాడు. చిక్కు వేరే ఉంది. పునాది తియ్యాలి, స్తంభాలు లేవాలి, ఆ తర్వాత గదా స్లాబు. ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికి తెలుసు? ఇప్పుడే బస్తాలు కొని పడేస్తే రాళ్ళైపోతాయి. డబ్బుగా ఉంచితే, ఈలోపు బస్తా రేటు ఐదొందలు అయిందంటే రెండొందల బస్తాలు కాస్తా నూట ముప్పై అవుతాయి. దేవుడికి చెప్పింది బస్తాలు కదా, రూపాయలు కాదు కదా! ఏసురత్నానికి నిద్ర పట్టలేదు.

సైటులో ఆదర్శ్ అని బిల్లింగ్ ఇంజనీరు ఉన్నాడు. మణికొండలో నలుగురు స్నేహితులతో ఫ్లాటు తీసుకుని ఉంటాడు, టీ తాగుతూ కూడా ఫోన్లో షేర్లు చూస్తుంటాడు. ఏసురత్నం తన బాధ చెప్పుకుంటే అతను ఇట్టే తేల్చేశాడు.

"సింపుల్ అంకుల్. సిమెంటు కంపెనీల షేర్లు కొనండి. బస్తా రేటు పెరిగితే కంపెనీకి లాభం, షేరూ పెరుగుద్ది. మీ బస్తాలు మీకు సేఫ్. కాకపోతే ఒక్కదాంట్లో పెట్టొద్దు, నాలుగైదు కంపెనీలు తీసుకోండి."

"నాలుగైదెందుకు బాబూ? నాకు తెలిసిన సరుకు ఒకటుంది గదా" అన్నాడు ఏసురత్నం.

ఆ సరుకు గంటస్తంభం గుర్తు సిమెంటు. స్టోరుకి వచ్చే నాలుగు రకాల్లో ఆయన కంటికి ఆనింది అదొక్కటే. ఎప్పుడు చెయ్యి పెట్టినా చల్లగా ఉంటుంది. తూకం వేస్తే యాభై కిలోలకి గుప్పెడు ఎక్కువే తప్ప తక్కువ రాదు. బస్తా కుట్టు ఊడదు.

"సిమెంటు వేరు, కంపెనీ వేరు అంకుల్. అప్పులెంత, లాభమెంత, అవి చూడాలి."

"సిమెంటు కంపెనీ చేసేది సిమెంటే గదయ్యా. మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాక ఇంక చూసేదేముంది?"

ఆదర్శ్ నవ్వి, ఫోన్లో ఖాతా తెరిపించాడు. షేరు నూట పది రూపాయలు. కిష్టమ్మ బస్తా డబ్బుతో కలిపి ఆరు వందల మూడు షేర్లు వచ్చాయి. ఆ రాత్రి ఏసురత్నం హాయిగా నిద్రపోయాడు.

చెప్పొద్దూ, మొదటి రెండేళ్ళు ఆయన రాత బాగానే నడిచింది. కోకాపేటలో ఎటు చూసినా క్రేన్లే. షేరు నూట ముప్పై, నూట అరవై, చివరికి నూట తొంభై. ఏసురత్నం నడకే మారిపోయింది. రైల్లో ఎవరు కదిలించినా సిమెంటు రంగం భవిష్యత్తు గురించి హఫీజ్‌పేట్ దాకా చెప్పేవాడు. తాను దిగాల్సింది దానికి ముందు స్టేషన్లో అన్న సంగతి కూడా మర్చిపోయేవాడు.

"అంకుల్, అమ్మేయండి. ఇప్పుడమ్మితే మూడొందల ముప్పై బస్తాలొస్తాయి. మీ మాట తీరిపోయి పైన నూట ముప్పై మిగుల్తాయి" అన్నాడు ఆదర్శ్.

"స్లాబు ఇంకా రాలేదు గదా బాబూ. సరుకు బాగుంది. ఎందుకమ్మాలి?"

ఇంట్లో మార్తమ్మ కూడా అదే అడిగింది. ఆమె మాదాపూర్‌లో అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తుంది. ఆమెకి షేర్లంటే తెలియదు గానీ మొగుడంటే తెలుసు.

"సిమెంటు దాచుకునే సరుకు కాదని ఊరందరికీ చెప్తావు. నువ్వేమో రెండేళ్ళు దాచావు."

"అది బస్తా, ఇది షేరు. నీకు తెలీదులే."

"నాకు తెలీదు సరే, నీకు తెలుసా?" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడో ఏడు వచ్చేసరికి కంపెనీల మధ్య పోటీ ముదిరింది. ఒకరు బస్తా మీద పది తగ్గిస్తే ఇంకొకరు పదిహేను తగ్గించారు. గంటస్తంభం సిమెంటు డీలరు భీమేశ్వరరావు గారు కాకినాడ వైపు మనిషి, మాటకి ముందూ వెనకా అండీ లేకుండా మాట్లాడరు. ఆయన రేటు కాగితం పట్టుకుని స్టోరుకి వస్తే ఏసురత్నం కుర్చీ వేసి, టీ తెప్పించి, మెడ మీద కత్తి పెట్టాడు.

"పక్క కంపెనీవాళ్ళు ఎంతకిస్తున్నారో తెలుసు గదండీ మీకు? ఇంకో పన్నెండు దించండి. లేదంటే ఆర్డరు అటు పోద్ది."

"అంత దించితే కంపెనీకి ఏం మిగలదండీ రత్నంగారూ!"

"అవన్నీ నాకెందుకండీ? మీ కంపెనీ గోల మీరు చూసుకోండి."

పన్నెండు రూపాయలు దిగాయి. నెలకి ఐదు వేల బస్తాల మీద అరవై వేలు మిగిల్చాడని మేనేజరు భుజం తట్టాడు. ఏసురత్నం ఆ సాయంత్రం దారిలో ఆగి రెండు కిలోల చికెన్ పట్టుకుని ఇంటికెళ్ళాడు. జీవితమంతా సిమెంటు చవకైన రోజు పండగ చేసుకున్నవాడు, మరి అలవాటు ఎక్కడికి పోతుంది?

షేరు మాత్రం నూట తొంభై నుంచి నూట నలభైకి, అక్కణ్ణించి తొంభైకి జారింది. వచ్చే నెల లేస్తుందనుకున్నాడు. సరుకులో చెయ్యి పెట్టి చూశాడు, ఎప్పటిలాగే చల్లగా ఉంది. ఇంత మంచి సిమెంటు చేసే కంపెనీకి ఏమవుతుందిలే అనుకున్నాడు. ఈ వేసవిలో అది నలభై ఒకటికి వచ్చింది.

ఆదర్శ్ ఫోన్లో కంపెనీ లెక్కలు తీసి చూపించాడు. "చూడండి అంకుల్, సేల్స్ బాగానే ఉన్నయ్. ఎప్పుడూ లేనన్ని బస్తాలు అమ్మారు. బస్తా మీద లాస్. ఖర్చుకంటే తక్కువకి అమ్ముకున్నారు. అంత తక్కువకి ఇమ్మని వీళ్ళ మెడ ఎవరు పట్టుకున్నారో!"

ఏసురత్నానికి భీమేశ్వరరావు, టీ గ్లాసు, పన్నెండు రూపాయలు గుర్తొచ్చాయి. ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. వేల సైట్లలో వేలమంది స్టోరు మనుషులు అలాగే బేరమాడి ఉంటారు, తనొక్కడి వల్ల ఏ కంపెనీ మునగదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా తాను కూర్చున్న కొమ్మని తానే నరుక్కుని, ఆ పూట చికెన్ కూడా తిన్నాడు కదా! ఆ బాధ మాత్రం చాలా రోజులు పోలేదు.

సరిగ్గా అప్పుడే మందిరం స్తంభాలు పైకి లేచాయి. వానలు పట్టకముందు, జూన్ మొదటి శనివారం స్లాబు అని పాస్టరుగారు ప్రకటించారు.

"సిమెంటు సంగతి మనకి చింత లేదు. రత్నం అన్న ఉన్నారు" అన్నారు.

"అన్నకేంది ఫికర్! స్టోరు తాళాలు ఆయన దగ్గర్నే ఉంటయి" అన్నాడు ఓదెలు వెనకనించి. అందరూ నవ్వారు. మంచితనంగానే నవ్వారు.

ఆ నవ్వు ఏసురత్నం గుండెలో ముల్లులా దిగింది. ముప్పై ఏళ్ళలో స్టోరు నించి ఖాళీ బస్తా సంచి కూడా ఇంటికి తేలేదు. వర్షం కారే ఇంటి గోడకి పూత వెయ్యడానికి కూడా దుకాణంలో కొనుక్కున్నాడు. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఆ రెండొందల బస్తాలు సైటు నించి వస్తాయనుకుంటున్నారా? తెస్తే దొంగ, తేకపోతే గొప్పలకి పోయినవాడు. ఆయనకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి ఇంటికొచ్చాడు.

షేర్లు అమ్మితే ఖర్చులు పోను ఇరవై నాలుగు వేల చిల్లర. బస్తా రెండొందల తొంభై. కిష్టమ్మ బస్తాతో కలిపి ఎనభై నాలుగు బస్తాలు వస్తాయి. మార్తమ్మ చీటీ డబ్బు ఉంది గదా అని నోరు తెరిచాడో లేదో, ఆమె పొయ్యి మీద నించి చూపు తిప్పకుండానే చెప్పింది.

"అది జాస్మిన్ నర్సింగ్ ఫీజు. దేవుడికి మాటిచ్చింది నువ్వు, నా కూతురు కాదు."

ఆయన చీటీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు స్టోరులో భీమేశ్వరరావు గారు విషయం కనిపెట్టేశారు. ముప్పై ఏళ్ళ స్నేహం, దాచినా దాగదు.

"దీనికింత దిగులెందుకండీ? ఇన్నేళ్ళూ మీకు రావలసిన కమిషన్ మీరు తీసుకోలేదు. ఇతర సైట్లలో అందరూ తీసుకుంటారండి. అది నా దగ్గరే ఉందనుకోండి. నూట పదిహేడు బస్తాలు రేపు పొద్దున మీ మందిరం దగ్గర దింపేస్తాను. ఎవరికీ తెలియదండీ."

ఏసురత్నం వెంటనే వద్దనలేదు. అనలేకపోయాడు. బస్తాల వరస మీద చెయ్యి ఆనించాడు. కావాలనిపించింది. ఎంతగా కావాలనిపించిందంటే, లారీ వచ్చి ఆగడం, పాస్టరుగారు ప్రార్థన చెయ్యడం, అన్నీ కళ్ళకి కట్టాయి.

"ఆ లారీ దిగాక, మీ బస్తాలో చెయ్యి పెట్టి బాగాలేదని ఎట్టా చెప్తానండీ నేను?" అన్నాడు చివరికి.

"మా సరుకు ఎప్పుడు బాగాలేదండీ!"

"రేపు బాగాలేకపోతే?"

భీమేశ్వరరావు గారు టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

స్లాబుకి ముందు ఆదివారం ఏసురత్నం ఆరాధన మధ్యలో లేచి నిలబడ్డాడు. నాలుగేళ్ళ కిందట లేచిన చోటే. ముందున్న బల్ల పట్టుకున్నాడు.

"నేను రెండొందల బస్తాలన్నాను. ఆ డబ్బు షేర్లలో పెట్టాను, పోయింది. స్టోరు నించి ఏదీ తేలేదు, తేను. ఎనభై నాలుగు బస్తాలున్నాయి. నన్ను క్షమించండి."

ఓదెలు తల దించుకున్నాడు. ఆడవాళ్ళ వరసలోంచి కిష్టమ్మ గొంతు లేచింది.

"గదంతా నాకెందుకు రత్నం? నా బస్తా ఉన్నదా లేదా, గది చెప్పు."

"ఉంది కిష్టమ్మా. ఎనభై నాలుగులో మొదటిది నీదే. నావి ఎనభై మూడు."

"మరి ఇగ బాధేంది? కూసో" అంది ఆమె.

స్లాబు సగం పోసి ఎక్కడ పడితే అక్కడ ఆపడానికి లేదు. మేస్త్రీతో ఏసురత్నమే కూర్చుని లెక్క చూశాడు. ఎనభై నాలుగు బస్తాలకి వేదిక వైపు నించి రెండో దూలం దాకా వస్తుంది. అక్కడ ఆపి, కడ్డీలు బయటికి వదిలితే తర్వాత కలుపుకోవచ్చు. మిగతా సగానికి పాత రేకులే ఉంచారు. శనివారం పొద్దున గంటస్తంభం గుర్తు బస్తాలు దిగాయి, డబ్బిచ్చి కొన్నవి, రసీదుతో సహా. ఏసురత్నం మొదటి బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. సరుకు విషయంలో ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు.

"చూశావా, ఎంత బాగుందో!" అన్నాడు, పక్కనే కూలీలకి మజ్జిగ పోస్తున్న మార్తమ్మతో.

"బాగుంది. అందుకే తెచ్చిన రోజే వాడెయ్యి" అంది మార్తమ్మ.

ఆ తర్వాత ఆ షేరు లేచిందో పడిందో ఆయన చూడలేదు. ప్రతి నెలా జీతం రాగానే మూడు బస్తాల డబ్బు పాస్టరుగారి చేతిలో పెడుతున్నాడు. నూట పదిహేడు పూర్తి కావడానికి మూడేళ్ళు దాటుతుంది. ఆదివారాలు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి వెనక రేకుల కింద కూర్చోవడం మొదలుపెట్టాడు. మార్తమ్మ రమ్మన్నా ముందుకి రాడు.

ఆగస్టులో ఒక ఆదివారం వాన దంచి కొట్టింది. రేకుల మీద ఆ మోతకి వాక్యం ఒక్క ముక్క వినబడలేదు. పైనించి నీళ్ళు కారి ఏసురత్నం చొక్కా భుజం మీద తడిసింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. ముందు స్లాబు కింద కూర్చున్న కిష్టమ్మ వెనక్కి తిరిగి చూసి, వాన మోతని మించి కేకేసింది.

"ఓ రత్నం! గాడ తడుసుడేంది? ఇటు రా. ఈడ నా బస్తా ఉన్నది, దాని కింద కూసో."

పాస్టరుగారు చదవడం ఆపారు. అందరూ వెనక్కి తిరిగారు. ఏసురత్నం రుమాలుతో మొహం తుడుచుకుని, లేచి, రెండో దూలం దాటి, కిష్టమ్మ పక్కగా వచ్చి కూర్చున్నాడు.